కారణం గడిలో రాసిన మాట

రిటైరు కావడానికి ముందు ఏడాది, దసరాకు నెల ముందు, మా కంప్యూటర్ సర్వీసు కంపెనీ నన్ను పాతబస్తీ లైనుకు వేసింది. అఫ్జల్‌గంజ్ నుంచి జహనుమా దాకా నేనొక్కడినే ఫీల్డ్ ఇంజనీరును. రిపేరుకు మేం వెళ్లగానే గదిలోవాళ్లు లేచి చాయ్‌కి పోతారు. చెడిపోయిన యంత్రంతో ఒంటరిగా కూర్చోవడమే ముప్పై ఏళ్ల నా ఉద్యోగం.

దసరా అయ్యాక, హుస్సేనీ ఆలంలోని ఒక రక్తపరీక్షల కేంద్రం నుంచి ఫిర్యాదు వచ్చింది. రిపోర్టులు టైపు చేసే పద్మ కంప్యూటర్ పని మధ్యలో నీలి తెర చూపించి ఆగిపోతోంది. ఇంకోసారి ఇట్లా అయితే ఆమెను తీసేస్తానని యజమాని సేటు చెప్పేశాడు. "ఆడరాక మద్దెల ఓడన్నట్టున్నది సార్, మెషీన్ మంచిగనే ఉన్నది" అన్నాడు నాతో.

నీలి తెర మీద ఒక్కోసారి తప్పు చేసిన డ్రైవర్ పేరు కూడా కనిపిస్తుంది. యంత్రంలోని ఒక్కో భాగాన్ని ఎట్లా నడపాలో కంప్యూటర్‌కు చెప్పే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. ఆ రోజు కనిపించిన డ్రైవర్‌ను మార్చాను. అరగంట బాగానే నడిచింది.

"పోయినసారి వేరే పేరు చూపెట్టింది సార్" అంది పద్మ మెల్లగా. "ఒక్క పూట నా పక్కన కూసోని సూడుండ్రి. నేనొక్కదాన్నే చెప్తే ఎవలు నమ్ముతలేరు."

నాకింకా రెండు చోట్ల రిపేరు కాల్స్ ఉన్నాయి. మా సర్వీసు రిపోర్టులో కారణం గడి ఖాళీగా ఉంటే ఆఫీసు కాల్ మూయదు. మా వాళ్లందరూ రాసేదే నేనూ రాశాను: ఆపరేటర్ పొరపాటు. సేటు సంతకం తీసుకుని వచ్చేశాను.

నెల తిరక్కుండానే అదే ఫిర్యాదు. పద్మ కుర్చీలో కొత్త ఆపరేటర్ ఉంది. ఆ పూట కదలకుండా కూర్చున్నాను. రెండుసార్లు ఆగింది, రెండుసార్లూ వేర్వేరు డ్రైవర్ల పేర్లు చెప్పింది. అట్లా పేరు మారుతోందంటే, డ్రైవర్లన్నీ వాడుకునే మెమరీని ముందు అనుమానించాలి. మూత తీసి మెమరీ కార్డు ఊడదీస్తే, అది కూర్చునే గాడి నిండా కుంకుమ. ఆయుధపూజ నాడు సేటు పిలిస్తే వచ్చి, మూత తీసి ఇచ్చింది నేనే. సేటు లోపలంతా బొట్లు పెడుతుంటే, కస్టమరు గదా అని ఊరుకున్నాను. తల కొట్టేసినట్టయింది.

గాడిని బ్రష్‌తో దులిపి, కార్డు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టాను. మళ్లీ ఆగలేదు. రిపోర్టు సరిదిద్ది సేటుకిస్తే, "పోనీయుండ్రి సార్, కొత్తామె మంచిగనే చేస్తున్నది" అన్నాడు.

ఒక కాపీ తీసుకుని జహనుమా వెళ్లాను. పద్మ అక్కడ పాల బూత్‌లో పనికి కుదిరింది. కాగితం పూర్తిగా చదివి, మడిచి, నాకే తిరిగి ఇచ్చింది.

"ఆ దినం జెరసేపు కూసుంటే అయిపోతుండె గద సార్" అంది.

బస్టాప్ దాకా ఒక్కడినే నడిచాను. చెప్పుకుందామంటే ఈ పనిలో నాకు పక్క మనిషంటూ లేడు.

కారణం తెలియనప్పుడు ఆ గడిలో మనిషిని రాయకూడదు. రిటైరయ్యేదాకా అట్లాంటి ప్రతి కాల్‌కూ "తెలియలేదు" అని రాశాను. ఆఫీసు తిప్పి పంపేది. మళ్లీ అదే రాసి పంపేవాడిని.