భయపడుతూనే నోరు విప్పిన సిస్టరమ్మ

ఆదివారం ప్రార్థన ముగిసి, చర్చి బయట చెప్పులు వెతుక్కుంటుంటే ఫోను మోగింది. కల్లూరు నుంచి సిస్టరమ్మ కూతురు. "అక్కా, అమ్మ పొద్దుగాల పోయింది. నువ్వు ఏడ్వకు, జల్దీ రా" అంది. ఏడవొద్దని నాకు చెబుతూ తనే ఏడ్చింది. చుట్టూ జనం ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటున్నారు. నేను ఒంటికాలి చెప్పుతో అలాగే నిలబడిపోయాను.

మీలో ఆమెను ఎరిగినవాళ్లు కొద్దిమందే ఉంటారు. బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న సర్కారు దవాఖానాలో ఆమె సూపర్వైజరు, నేను ఆమె కింద నర్సును. గూడేలు తిరగడం, పిల్లలకు సూదులు వేయడం, జ్వరమొచ్చిన వాళ్ల వేలిమీద నెత్తురు చుక్క తీయడం మా పని. దవాఖానా పేరు రాయను. ఏళ్లు గడిచినా రాయబోతే చెయ్యి వెనకాడుతోంది. నా పిరికితనాన్ని చూస్తే ఆమె నవ్వేది. అసలు భయం విషయంలో ఆమెను మించినవాళ్లు మా దవాఖానాలోనే లేరు.

కుక్క మొరిగితే నా కొంగు పట్టుకునేది. వాగు దాటాలంటే నా భుజం మీద రెండు చేతులూ వేసి, కళ్లు మూసుకుని, ప్రార్థన గొణుగుతూ వచ్చేది. ఆఫీసరు జీపు చప్పుడు వినబడిందంటే కళ్లద్దాలు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టేది, జీపు వెళ్లిపోయేదాకా తుడుస్తూనే ఉండేది. "సిస్టరమ్మా, అద్దాలు అరిగిపోతయ్" అని మేం ఆటపట్టిస్తే, "అరిగితే అరగనీ బిడ్డా, చేతులకు ఏదో ఒక పని ఉండాలె గద" అనేది. అలాంటి మనిషి ఒకరోజు నిండు సభలో లేచి నిలబడుతుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

మా గూడేల్లో విత్తనాలు చల్లకముందు భూమి పండగ చేస్తారు. పండగకు ఆడవాళ్లు ఎర్రమన్నుతో ఇల్లంతా అలుకుతారు. సర్కారు దోమల మందు కొట్టించేది కూడా ఆ రోజుల్లోనే. మందు కొట్టిన గోడ తెల్లటి మరకలతో అసహ్యంగా ఉంటుంది, వాసన వేస్తుంది. దాని మీద మళ్లీ మన్ను పూశారంటే మందు కాస్తా లోపలపడి దోమకు తగలదు. అందుకే సిస్టరమ్మ ప్రతి ఏడూ ముందుగా గూడెం పటేలు దగ్గరికి పోయి పండగ ఎప్పుడో అడిగేది. ఆడవాళ్ల పక్కన అరుగు మీద కూర్చుని, వాళ్లిచ్చిన జావ తాగి, బతిమాలేది. "మీరు అలికినంకనే మేం మందు కొడతం. వానకాలం పోయేదాక మళ్ల అలకొద్దు తల్లీ." వాళ్లు ఆమె మాట విన్నారు. ఆ సభ జరిగిన ఏడు ఒక ఇంట్లో మందు కొట్టాక పెళ్లి పడింది. కొత్త కోడలు అలకని ఇంట్లోకే అడుగుపెట్టింది. "మా పెద్దలు తిట్టిన్రు సిస్టరమ్మా, అయినా నీ మాట తీసెయ్యలె" అంది ఆ అత్త.

ఆ ఇంట్లోనే సిస్టరమ్మకు అనుమానం వచ్చింది. నేను పక్కన ఉండగానే గోడ మీద అరచెయ్యి రుద్ది చూసింది. చేతికి ఎర్రమన్ను అంటింది తప్ప తెలుపు లేదు. పక్కిల్లు చూసింది. ఆ పక్కిల్లూ అంతే. గూడెమంతా వట్టి నీళ్లు కొట్టి పోయారు. మందు పొడి బయట ఎవరికో అమ్ముడుపోయిందని మా అందరికీ అర్థమైంది. ఆమె ఆఫీసరుకు విడిగా చెప్పింది. ఆయన నీళ్లు నమిలి, "చూద్దాం లేమ్మా" అన్నాడు. చూడలేదు. తొలకరి పడ్డది, జ్వరాలు మొదలయ్యాయి. అసలు వానలు పట్టేలోపు మళ్లీ మందు కొట్టకపోతే ఆ గూడేల్లో పసిపిల్లలు దక్కరు. మా అందరికీ తెలిసిన సంగతే ఇది. తెలిసీ అన్నం తింటున్నాం, నిద్రపోతున్నాం.

జ్వరాలెందుకు పెరిగాయని అడగడానికి జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు వచ్చాడు. మా ఆఫీసరు లేచి తడుముకోకుండా చెప్పాడు: "మందు మంచిగనే కొట్టినం సార్. ఈ గూడెపోళ్లకు ఎంత చెప్పినా ఎక్కదు. మందు మీద మన్ను అలికేసిన్రు." అందరం తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం. నా పక్కన సిస్టరమ్మ అద్దాలు తుడుస్తోంది. ఆ చేతులు చటుక్కున ఆగిపోయాయి.

లేచి నిలబడింది. మంచినీళ్ల గ్లాసు అందుకోబోతే సగం నీళ్లు బల్ల మీద ఒలికాయి. దేవా, ఈమెను కూర్చోబెట్టు అనుకున్నాను. "సార్," అంది, "వాళ్లు అలకలె. నా మాట మీద ఆగిన్రు. కొడుకు పెండ్లికి గూడ అలకలె. మందే లేకుండె సార్. నీళ్లు కొట్టిన్రు. నేను చేత్తోని రుద్ది చూసిన. మీరు వచ్చి చూడున్రి." అంతే చెప్పి కూర్చుంది. కూర్చున్నాక మళ్లీ అద్దాలు తుడవడం మొదలుపెట్టింది.

పెద్ద ఆఫీసరు నిజంగానే జీపెక్కి గూడేనికి పోయాడు. వానలు పట్టకముందే మళ్లీ మందు వచ్చింది. మందు వచ్చిన వారంలోనే సిస్టరమ్మకు మెమో కూడా వచ్చింది. పైవాళ్ల ముందు క్రమశిక్షణ తప్పిందట, దవాఖానా పరువు తీసిందట. ఎంక్వైరీలో, "నీతో ఇంకెవరు చూసిన్రు?" అని గుచ్చి గుచ్చి అడిగారు. నేనూ వచ్చి చెబుతానని బయల్దేరితే గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "నువ్వు వస్తే ఇద్దరినీ తీసేస్తరు. రేపు ఆ గూడేలకు పోయేదెవరే? కూసో" అంది. నాకు ఒళ్లు మండింది. అరిచాను కూడా. ఆమె కదల్లేదు.

అడవికి దూరంగా ఎక్కడో మైదానపు ఊరికి బదిలీ చేశారామెను. ఆ ఎంక్వైరీ తేలకుండానే రిటైరైంది. బయట మోటారు చప్పుడైతే చాలు, ఇంకో మెమో తెచ్చారేమోనని తలుపు సందులోంచి చూసేదట. "అంత భయం పెట్టుకుని ఆనాడు ఎట్ల లేచినవ్ సిస్టరమ్మా?" అని ఒకసారి అడిగాను. "భయం దాని పని అది చేస్తది బిడ్డా. నా పని అది చెయ్యదు గద" అంది. నింద గూడెం మీద పడకపోయి ఉంటే తనూ మాలాగే ఊరుకునేదేమోనని కూడా అంది. దాచుకోలేదు. నాకు ఆమె మీద గౌరవం అక్కడ ఇంకా పెరిగింది.

పోయిన నెల చూడ్డానికి వెళ్లాను. మంచంలో పిడికెడంత అయిపోయింది. నా పిల్లల సంగతి అడిగింది, పెనుబల్లిలో మా అమ్మ సంగతి అడిగింది. తర్వాత, "ఈ ఏడు మందు కొట్టిన్రా?" అంది.

"అవ్ సిస్టరమ్మా, కొట్టిన్రు."

"నువ్వు చూసినవా? వాళ్లు చెప్పిన్రా?"

చూశానని ఒక్క మాట అంటే ఆ ప్రాణం కుదుటపడేది. నోరు రాలేదు. "చెప్పిన్రు" అన్నాను. నా చెయ్యి వదిలి గోడవైపు తిరిగి పడుకుంది.

మట్టి చేసి వస్తూ నేను ఇంటికి పోలేదు. కట్టుకున్న తెల్లచీరతోనే బస్సు మారి, వాగు దాటి గూడేనికి నడిచాను. కొండ మీద మబ్బు పట్టి ఉంది. మొదటి ఇంటి ఆమె నా చీర చూసి, "ఎవరు పోయిన్రమ్మా?" అంది. చెప్పాను. ఆమె చేతిలో చేట పక్కన పెట్టింది. "మీ ఇంట్ల గోడ చూడొచ్చా తల్లీ?" అన్నాను. తడిక పక్కకు తీసింది. లోపల చీకటి. గోడ రుద్ది చూడాల్సిన అరచేతిని కొంగుకు తుడుచుకున్నాను. కళ్లు ఆ చీకటికి అలవాటు పడేదాకా గడప దగ్గరే నిలబడ్డాను.