సైఫుల్లా జత డిస్కులు

ఉదయగిరి చుట్టుపక్కల ఎవరింట మనిషి పోయినా, పెద్దకర్మనాడు పెట్టే పటం కోసం సైఫుల్లా స్టూడియోకే వచ్చేవారు. ముప్పయ్యేళ్లుగా తీసిన ముఖాలన్నిటినీ ఆయన కంప్యూటర్లోకి ఎక్కించాడు. ప్రతి ఫోటోనూ ఒకేసారి రెండు డిస్కుల్లో రాసే కార్డు అందులో పెట్టించాడు. ఒకటి పోయినా రెండోది ఉంటుందన్న ధీమాతో పాత నెగెటివులన్నిటినీ ఒక గ్రహణం రోజు సూర్యుణ్ణి చూడమని వీధి పిల్లలకు పంచేశాడు.

మొన్న వేసవిలో కరెంటు హెచ్చుతగ్గులకు ఆ కార్డు కాలిపోయింది. మర్నాడే మర్రిపాడు నుంచి సీతమ్మ వచ్చింది. ఆమె భర్త పెంచలయ్య పోయి అప్పటికి మూడు రోజులు.

"ఇంట్లో ఆయన బొమ్మ ఒక్కటీ లేదు సాయిబన్నా. నీకాడ దిగినాడే తలపాగాతో, అది కావాల."

సైఫుల్లా రెండు డిస్కులూ తువ్వాలులో చుట్టుకుని ఆత్మకూరు బస్సెక్కాడు. అక్కడ కంప్యూటర్లు బాగుచేసే హెన్రీ వాటిని చూసి నిట్టూర్చాడు.

"అన్నదమ్ములిద్దరూ బాగానే ఉండారు భాయ్. వాళ్ల రాత చదివేటోడే పోయినాడు. అచ్చం అదే కార్డు కావాల. అదేమో ఇప్పుడు చెయ్యడంలేదు."

"ఇంకో రకం పెడితే?"

"కొత్త డిస్కులనుకుని తుడిచేస్తే ఏం చేస్తావ్? నెగెటివులు గ్రహణానికి పంచేముందు నన్నొక మాట అడిగుండకూడదా!"

సైఫుల్లా సీతమ్మ సంగతి చెప్పి, డిస్కులను అక్కడే వదిలాడు.

ఐదు రోజులు నెల్లూరులో పాతసామాన్ల కొట్లన్నీ తిరిగి హెన్రీ అలాంటి కార్డే సంపాదించాడు. తెరమీద పెంచలయ్య తలపాగా కనిపించగానే సైఫుల్లా పటం కట్టించే పనిలో పడ్డాడు. పదోరోజు పొద్దున్నే పటం మర్రిపాడు చేర్చాడు. సీతమ్మ కొంగుతో అద్దం తుడిచి లోపలికి తీసుకుపోయింది.

ఆత్మకూరు తిరిగొచ్చాక హెన్రీ అడిగాడు. "ఈ కార్డే ఉంచమంటావా? డిస్కు చెడితే కూత పెడతాది, అదొక సుఖం. లేకుంటే కార్డు తీసేసి, రెండిట్లో రాసే పని కంప్యూటరును నడిపే లినక్సు సాఫ్ట్‌వేరుకే అప్పజెబుదాం. అది కూత పెట్టదు, రోజూ నువ్వే చూసుకోవాల."

"దాని డిస్కు వేరే కంప్యూటర్లో తెరుచుకుంటాదా?"

హెన్రీ ఫోటోలన్నీ వేరేచోట దాచి, డిస్కులను లినక్సు పద్ధతిలో జతచేసి, ఫోటోలు మళ్లీ ఎక్కించాడు. ఒక డిస్కు ఊడదీసి మూలనున్న తన పాత లినక్సు కంప్యూటరుకు తగిలించాడు. ముఖాలు వరసగా వచ్చాయి. సైఫుల్లా ఒక్కొక్కరినీ చూశాడు. సగం మంది ఇప్పుడు లేరు.

"ఇదే ఉంచు. నేను పోయినాక వచ్చేవాళ్లు కార్డు కోసం నెల్లూరంతా తిరగకూడదు."

"మూడో కాపీ నాకాడ ఉంచు. నువ్వు పొరపాటున చెరిపితే రెండిట్లోనూ చెరుగుతాది."

"ఉంచుతాలే. పంచేది అలవాటేగా నాకు," అన్నాడు సైఫుల్లా, నవ్వకుండా.

డిస్కు ఎలా తెరవాలో అంచెలంచెలుగా కాగితం మీద రాయించుకుని, స్టూడియో గోడకు అంటించాడు. అడుగున తన పేరు రాయబోయి ఆగి, హెన్రీ ఫోన్ నంబరు వేశాడు.