ఆట అయ్యేదాకా ఆగిన కబురు

మా మనవడు ఆదివారం పొద్దున ఫుట్‌బాల్ ఆడొచ్చి సంచి తెచ్చి మా మిల్టన్ కీన్స్ ఇంటి హాల్లో బోర్లిస్తే, బురద సాక్సులతో పాటు మోకాళ్ళకు రుద్దుకునే నొప్పుల మందు వాసన ఇల్లంతా గుప్పుమంటుంది. వాడు ముక్కు మూసుకుని "ఇట్ స్టింక్స్, అమ్మమ్మా" అంటూ కిటికీ తియ్యబోతాడు. కాసేపు ఉండనియ్యరా అంటాను. ఆ వాసనకు నాకు తొమ్మిదేళ్ళు వచ్చేస్తాయి, మా అమ్మ వంటింట్లోంచి "అన్నం కూడా ఆ మందు వాసనే కొడతందయ్యా" అని మా బాబాయిని కసురుకోవడం వినబడుతుంది.

డెబ్భైల మొదట్లో మేముండేది ఇంగ్లండులో, లీడ్స్‌కు బస్సులో ముప్పావుగంట దూరాన, ఉన్ని మిల్లుల పొగగొట్టాల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో. నాన్న అక్కడి ఆస్పత్రిలో ఛాతీ జబ్బుల డాక్టరు. ఆస్పత్రి వెనక ఇటుక క్వార్టర్స్ వరసలో మాది చివరి ఇల్లు, మా పెరటి గోడకు అవతలే టెక్నికల్ కాలేజీ ఆటస్థలం. చలికాలమంతా గాలిలో బొగ్గుపొగ వాసనే, తలకు నూనె పెట్టుకుని బయటికి వెళ్తే జుట్టుకు మసి అంటుకునేది. కరెంటు పోయిన సాయంత్రాలు కొవ్వొత్తి పెట్టుకుని, బొగ్గుల పొయ్యి ముందు కాళ్ళు చాపుకుని, అమ్మ కాల్చి ఇచ్చిన అప్పడాలు నములుతూ మేమంతా ఒకే గదిలో ఉండేవాళ్ళం. వసంతం వస్తే ఎర్రటి, పుల్లటి రూబార్బ్ కాడలు అంగళ్ళలోకి దిగేవి. ఇంగ్లీషువాళ్ళు వాటిలో పంచదార పోసి ‘పై’ అనే తీపి రొట్టె చేసుకుంటే, మా అమ్మ ఎండుమిర్చీ వెల్లుల్లీ వేసి నూరి, అదే గోంగూర పచ్చడి అనుకుని తినమనేది. మేము అనుకునే తినేవాళ్ళం.

బాబాయి నాన్నకంటే చాలా చిన్నవాడు. నాన్న పిలిపించుకుని ఆ కాలేజీలో చేర్పిస్తే, మగ్గాల ఇంజనీరింగ్ చదువుకుంటూ మా ముందుగదిలో పడుకునేవాడు. గుంటూరులో చదివేటప్పుడు ఉత్తికాళ్ళతో గోల్‌కీపర్‌గా ఆడినవాడు కావడంతో ఇక్కడా ఆ పనే ఇచ్చారు. ఇచ్చారనడం కంటే, ఇంకెవరూ లేక అంటగట్టారనడం సబబు. అంతకు ముందటేడు ఆడినవాళ్ళందరూ చదువులు ముగించుకుని వెళ్ళిపోవడంతో టీము తాడూ బొంగరం లేకుండా మిగిలింది. హ్యారీ అనే వెల్డింగ్ మాష్టారు వర్క్‌షాపుల్లో తిరిగి, ప్రింటింగ్ నేర్చుకునేవాణ్ణీ, రొట్టెలు కాల్చడం నేర్చుకునేవాణ్ణీ పట్టుకొచ్చి కొత్త టీము కట్టాడు. క్రిస్మస్ దాకా వాళ్ళు ఆడిన ప్రతి ఆటా ఓడిపోయారు. శనివారం సాయంత్రం బురదముద్దై వచ్చిన బాబాయిని చూసి నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండా "ఎన్ని?" అనడం, బాబాయి వేళ్ళు చూపించి స్నానాల గదిలోకి జారుకోవడం మా ఇంట్లో వారవారం జరిగే తంతు.

కొత్త సంవత్సరం తర్వాత ఏమైందో ఏమో, ఆ పిల్లలకు ఆట కుదిరింది. ఒకటి గెలిచారు, ఒకటి సమం చేశారు, మళ్ళీ గెలిచారు. ఆటస్థలానికి ఎదురుగా ఛాతీ వార్డుకు పొడవాటి వరండా ఉండేది; గాలి కోసం రోగుల మంచాలు అక్కడికి లాగేవాళ్ళు. ఆ ముసలి మిల్లు పనివాళ్ళు ఎర్ర దుప్పట్లు కప్పుకుని, దగ్గుతూనే, చెక్క గిలకలు గిరగిరా తిప్పి చప్పుడు చేస్తూ టీముకు మొదటి అభిమానులయ్యారు. తర్వాత నర్సులు, పోర్టర్లు, ఆ పైన మా క్వార్టర్స్‌లోని మనవాళ్ళు. పక్కింటి రావు అంకుల్ హైదరాబాదు మనిషి, ఆస్పత్రిలో మత్తుమందు డాక్టరు. "గీ పోరగాళ్ళు నా పేషెంట్లను నిద్రపోనిస్తలేరు, నాకే పోటీ వచ్చిన్రు" అని గొణుగుతూనే ప్రతి శనివారం గోడ దగ్గర నిలబడేవాడు.

ఇదంతా జరుగుతున్నట్టు తెనాలిలో ఒకరికి వారవారం తెలియాలి. ఆవిడ మా అత్తయ్య, నాన్నకూ బాబాయికీ అక్క. బాబాయి పొత్తిళ్ళలో ఉండగానే వాళ్ళ అమ్మ పోతే, పిల్లల్లేని అత్తయ్య ఆ పసివాణ్ణి తన ఇంటికి తెచ్చుకుని పెంచింది. ఆవిడకు ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. "ఎదురొచ్చే బంతికి అడ్డం పడటం ఏం చదువురా, ఒళ్ళు జాగర్త" అని రాసేది. అయినా చివరి ఆట ఎప్పుడో కనుక్కుని, ఆ శనివారం ఆంజనేయుడికి వడమాల వేయిస్తానని మొక్కుకుంది. ఆ ఏడు ఉగాదికి ఆవిడ ఎండబెట్టి పంపిన వేపపువ్వుతో, మామిడికాయకు బదులు పుల్ల ఆపిల్ తరిగి అమ్మ పచ్చడి చేసింది. రావు అంకుల్ పంచాంగం చూస్తున్నట్టు నటించి, గోల్‌కీపర్లకు ఈ ఏడు రాజపూజ్యం మెండు అని చదివితే, బాబాయి చేదు ముఖంతోనే పడీ పడీ నవ్వాడు.

చివరి ఆట లీడ్స్ నుంచి వచ్చే పెద్ద కాలేజీతో. గెలవనక్కర్లేదు, ఓడకుండా ఉంటే చాలు, మావాళ్ళు పై డివిజన్‌లో నిలుస్తారు. ఓడితే కిందికి జారతారు, జారితే ఇక టీమే ఉండదని ప్రిన్సిపాల్ చెప్పేశాడట. ఆ వారమంతా క్వార్టర్స్‌లో ఇంకో మాట లేదు. నాన్న తన శనివారం డ్యూటీ మార్పించుకోవడానికి రోటా రాసే ఆవిడ చుట్టూ తిరిగాడు. నాన్న పండగలకు కూడా అలా తిరిగిన మనిషి కాదు. ఆంటీలు ఎవరి ఇంట్లో పులిహోర, ఎవరి ఇంట్లో బజ్జీలు అని పంచుకున్నారు. బాబాయి పెరట్లో గోడకు బంతి కొట్టుకుంటూ, నన్ను కూడా తన్నమనేవాడు. నేను తన్నిన ప్రతి బంతికీ, అది ఎంత మెల్లగా వచ్చినా, గడ్డి మీద పడి దొర్లి పట్టుకునేవాడు. నేను ఆ వారమంత సంతోషంగా మళ్ళీ ఎప్పుడైనా ఉన్నానేమో నాకు గుర్తు లేదు.

ఆ శనివారం పొద్దున ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది కానీ, వరసలోనే చెబుతాను. నాన్న రాత్రి డ్యూటీలో ఉండగా హైదరాబాదు నుంచి మా మేనమామ ట్రంక్ కాల్ ఆస్పత్రికి వచ్చింది. అత్తయ్య గుండె ఆగి పోయింది, దహనం కూడా అయిపోయింది. నాన్న ఇంటికి రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా కట్టుబట్టలతోనే చన్నీళ్ళు పోసుకున్నాడు. ముందుగదిలో బాబాయి ఇంకా నిద్ర లేవలేదు. వంటింట్లో అమ్మకు చెప్పాడు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చిందట.

"లేపి చెప్పండి. ఆమె చేతి ముద్దలు తిని పెరిగిన పిల్లోడు" అంది అమ్మ.

"ఇప్పుడు చెప్తే వాడు చేసేదేముంది? పోయి చూసేదానికి కూడా లేదు. పీటల మీద కూర్చున్నోడికి చావుకబురు ఎవరన్నా చెప్తారా? తాళి కట్టిందాకా ఆగుతారు గదా. వినేదాకా మైల లేదు. ఆట అయిపోనీ, నేనే చెప్తా" అన్నాడు నాన్న.

మనవాళ్ళలో ఇది కొత్త కాదు. పెళ్ళి పందిట్లోకి చావుకబురు వస్తే పెద్దవాళ్ళు గుటక మింగి, మేళం ఆపకుండా, మూడు ముళ్ళూ పడేదాకా నవ్వుతూ తిరుగుతారు. నాన్న అక్కడ చూసి నేర్చుకున్నదే ఇక్కడ చేశాడు. రోజూ వార్డు బయట ఎవరో ఒకరి ముఖంలోకి చూసి మీవాళ్ళు ఇక లేరని చెప్పే ఉద్యోగం ఆయనది. సొంత తమ్ముడి దగ్గర నోరు పెగల్లేదు. అమ్మ ముందురోజు వండిన బూరెలను మూత పెట్టి పైన అటకెక్కించి, బాబాయికి ఉప్మా పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయేమని బాబాయి అడిగితే ఉల్లిపాయలంది.

మధ్యాహ్నానికి సన్నటి వాన ఆగి ఎండ వచ్చింది. వార్డు వరండా నిండా ఎర్ర దుప్పట్లు, గోడ వెంట చీరల మీద కోట్లు తొడుక్కున్న ఆంటీలు, గిలకల చప్పుడు. నాన్న టోపీ చేతిలో పట్టుకుని గీత పక్కనే నిలబడ్డాడు. రావు అంకుల్‌కు కూడా అప్పటికి కబురు తెలిసింది. ఆ రోజు ఆయన ఒక్క జోకు కూడా వెయ్యలేదు. ఇవేవీ తెలియని నేను అందరికంటే ఎక్కువ అరిచాను. లీడ్స్ వాళ్ళు మావాళ్ళకంటే గట్టివాళ్ళు, ఆటంతా మా గోల్ ముందే జరిగింది. బాబాయి ఎడమకు పడ్డాడు, కుడికి పడ్డాడు, కాళ్ళ సందుల్లోకి దూకి బంతిని పొట్టకు హత్తుకుని లేచాడు, లేచినప్పుడల్లా మా వైపు చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. బాబాయి నవ్వినప్పుడల్లా నాన్న తల దించుకుంటున్నాడు. వాన నీళ్ళు కళ్ళలో పడ్డాయేమో అనుకున్నాను, వాన ఆగిపోయిందని తట్టలేదు.

గోల్ లేకుండానే ఈల మోగింది. టీము నిలిచింది. హ్యారీ మాష్టారు టోపీ గాల్లోకి విసిరాడు, పిల్లలు బాబాయిని భుజాల మీదికెత్తారు, వరండాలో ముసలివాళ్ళు మంచాలను చేత్తో కొట్టారు. బాబాయి వాళ్ళ భుజాల మీంచి దూకి, బురదకాళ్ళతో పరుగెత్తుకుంటూ నాన్న దగ్గరికి వచ్చాడు.

"అన్నయ్యా, అక్కయ్యకి తంతి ఇద్దామా? ఉత్తరమైతే ఆలస్యమైద్ది. వడమాల ఊరికే పోలేదని చెప్పాల."

నాన్న ఇంటికి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి చెబుదామనుకున్నాడట. ఆ మాట విన్నాక ఇక ఆగలేకపోయాడు. అక్కడే, ఆ గోలలోనే, రెండు ముక్కల్లో చెప్పేశాడు. బాబాయి ముఖంలో నవ్వు వెంటనే పోలేదు, పోవడానికి కొంచెం సేపు పట్టింది. అది నేను చూశాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"రాత్రి."

"ఇదేమన్నా పెళ్ళా అన్నయ్యా?" అన్నాడు బాబాయి. గొంతు పెంచలేదు. నాన్న చెయ్యి పట్టుకోబోతే వెనక్కి జరిగాడు.

బట్టలు మార్చుకునే షెడ్డు పక్కన బూట్లు కడుక్కునే కుళాయి ఉండేది. చావుకబురు వింటే కట్టుబట్టలతో తడవాలి కదా, బాబాయి ఆ చొక్కాతోనే వెళ్ళి కుళాయి కింద కూర్చుని తల పెట్టాడు. అది చూసి టీము పిల్లలు ఓడకుండా నిలిచిన సంబరమనుకున్నారు. కేకలు వేస్తూ వచ్చి, బకెట్లలో నీళ్ళు నింపి బాబాయి నెత్తిన గుమ్మరించారు, తామూ పోసుకున్నారు, చుట్టూ చేరి పాట అందుకున్నారు. వాళ్ళకేం తెలుసు పాపం. బాబాయి వాళ్ళను ఆపలేదు. తల దించుకుని ఆ నీళ్ళన్నీ పోయించుకున్నాడు. హ్యారీ మాష్టారికి రావు అంకుల్ పరుగున వెళ్ళి చెబితే పాట ఆగింది.

బాబాయి మళ్ళీ బంతి ముట్టుకోలేదు. ఆ ఎండాకాలం పరీక్షలు కాగానే లండన్‌లో ఉద్యోగం చూసుకుని అక్కడే వెంబ్లీలో స్థిరపడ్డాడు. నాన్నతో పోట్లాడాడని ఎవరూ అనలేరు; పెళ్ళిళ్ళకు వచ్చేవాడు, కాళ్ళకు దణ్ణం పెట్టేవాడు, ఆరోగ్యం అడిగేవాడు. అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు. ఒకసారి మాత్రం మా అమ్మతో అన్నాడట: "ఆవిడ బూడిదై ఉంటే నేను నవ్వతా ఉన్నా వదినా. ఆ నవ్వు తలుచుకుంటే నా మొహం నాకే అసహ్యం." అమ్మ ఆ మాట నాన్నకు చేరవేయలేదు. నాన్న పోయేముందు ఆస్పత్రిలో నాతో, "ఒక్క పూట వాణ్ణి సంతోషంగా ఉండనిద్దామనుకున్నానమ్మా" అన్నాడు.

ఇప్పుడు ఆ ఆస్పత్రి లేదు, వరండా లేదు, మిల్లుల పొగగొట్టాలు కూల్చేశారు. ఆటస్థలంలో ఇళ్ళు లేచాయి, ఎవరో తెలియనివాళ్ళ కార్లు వరసగా నిలబడి ఉంటాయి. రూబార్బ్ పచ్చడి చెయ్యడం మా అమ్మతో పోయింది, గోంగూర ఇప్పుడు వెంబ్లీ అంగళ్ళలో కట్టలుగా దొరుకుతుంది. బాబాయి ఉన్నాడు, ఎనభై దగ్గరపడుతున్నాయి, కూతురి దగ్గర ఉంటాడు, చాలా మటుకు మరిచిపోయాడు. నన్ను చూస్తే మా అమ్మనుకుని వదినా అంటాడు.

పోయినసారి వెళ్ళినప్పుడు అత్తయ్య ఎట్టా ఉందని అడిగాడు. నేను ఉన్నమాట చెప్పాను. బాబాయి అప్పుడే విన్నవాడిలాగే కదిలిపోయి, స్నానం చెయ్యాలని లేవబోయి, లేవలేక చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గంట తర్వాత ఏడుపూ మరిచిపోయాడు, కబురూ మరిచిపోయాడు.

మొన్న మళ్ళీ వెళ్ళాను. టీ గ్లాసు చేతికివ్వగానే నా ముఖంలోకి చూసి, "శనివారం చివరాట వదినా. అక్కయ్యకి రాశాడా అన్నయ్య? ఒంట్లో బాగుందంటనా?" అన్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

"రాశారు. బాగుందంట" అన్నాను.

బాబాయి పళ్ళులేని నోటితో నవ్వాడు. ఆ నవ్వు ముందు నిలబడి నిజం చెప్పడం ఎంత కష్టమో నాకు తెలిసొచ్చింది. ఆ మాట వెళ్ళి చెబుదామంటే నాన్న లేడు.