మొదటి రీలు నోటితో చెప్పిన చిన్నాయన

మా చిన్నాయన పోయాడని మొన్న గురువారం తెలిసింది. బడిలో ఐదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. పటాన్‌చెరు నుంచి వచ్చిన మా తమ్ముడు గుమ్మంలో నిలబడి, "అక్కా, చిన్నాయన పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి ఒరిగిండు, ఇగ లేవలేదు" అన్నాడు.

చిన్నాయన సంగారెడ్డి సినిమా హాల్లో రీళ్లు ఆడించే ఆపరేటరు. మీలో ఎవరైనా అక్కడ సినిమా చూసి ఉంటే ఆయన చేతి పని చూసినట్టే. మనిషిని మాత్రం చూసి ఉండరు. ఇంట్లో కూడా మాట తక్కువ. అన్నం చాలంటే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు, అంతే.

ఫైటింగు, సస్పెన్సు సినిమా వచ్చినప్పుడు మాత్రం వేరే మనిషి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు మొదటి రీలు అయ్యేదాకా గేటు తెరవనిచ్చేవాడు కాదు. "తలుపు సందులకెళ్లి ఎలుతురు పడితే భయం ఇరుగుతది" అని గేటు మనిషితో తగువు పెట్టుకునేవాడు.

నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజుల్లో, పిల్లలు నా పాఠం వినడం లేదని ఆయన దగ్గర కళ్ల నీళ్లు పెట్టుకున్నాను. ఆయన అన్నాడు: "మొదలే అన్నీ చెప్తే ఎవరు కూసుంటరు బిడ్డా? ఒకడు ఆపదల ఉన్నడని సూపియ్యి. వాని పేరు తర్వాత చెప్పొచ్చు." ఆ మాట ఎంత నిజమో ఒక ఆదివారం మ్యాట్నీలో నా కళ్లతో చూశాను.

ఆ రోజు హాలు నిండిపోయింది. పాశమైలారం వైపు ఊళ్ల రైతులు, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరిన పడుచువాళ్లు వచ్చారు. నేను ఆడవాళ్ల బెంచీల్లో ఉన్నాను. ఆట మొదలైన నిమిషానికే మొదటి రీలు మిషన్లో ఇరుక్కుని ముక్కలైంది. లైట్లు వేశారు. ఈలలు లేచాయి, బెంచీలు దబదబలాడాయి. ఒకతను కుర్చీ పైకెత్తాడు.

అప్పుడు చిన్నాయన మిషను గది మెట్లు దిగి, నూనె చేతులతోనే తెర ముందుకొచ్చి నిలబడ్డాడు.

"రీలు తెగింది. తప్పు నాదే. చిరుగు నిన్ననే సూసిన, అతికియ్యలేదు. రెండో రీలు నుంచి ఏస్త. మొదటిది నేను చెప్త."

కొందరు నవ్వారు. ఆయన తెర పక్క గోడ మీద వేలి కణుపులతో మెల్లగా కొట్టాడు. టక్, టక్.

"పొద్దుగాల రైలు టేషన్. ఒక్కడు నడుస్తుండు. మొఖం కనవడది. బూట్లే కనవడుతయి. చేతిల సంచి. బరువున్నది, చేయి మారుస్తుండు."

"ఎవడు గాడు?" కుర్చీ ఎత్తినతను అడిగాడు.

"ఇప్పుడే తెల్వది."

అతను కుర్చీ దించి కూర్చున్నాడు.

"ఎనుక ఇంకొకడు వస్తుండు. వాడు మనిషిని సూస్తలేడు, సంచినే సూస్తుండు." టక్, టక్. ఈసారి జోరుగా. "రైలు కదిలింది. బూట్లోడు ఉరికిండు. ఎనుకోడు కత్తి తీసిండు. బూట్లోడు కిందవడ్డడు. సంచి ప్లాట్‌ఫారం మీద ఒక్కటే ఉన్నది."

ఆగాడు.

"సంచి కదిలింది. లోపట పసిపిల్ల ఏడ్సింది."

అంతే. గిరుక్కున తిరిగి మెట్లెక్కాడు. నా పక్కనున్న ముసలమ్మ, నేనెవరో తెలియకపోయినా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండో రీలు వెలుగు పడేదాకా వదల్లేదు.

ఆట అయ్యాక చూస్తే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నీళ్లిచ్చాను.

"నా గొంతు అందరికి ఇనవడ్డదా బిడ్డా?"

"ఇనవడ్డది చిన్నాయనా."

తల ఊపాడు. ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. అంత్యక్రియల్లో ఆయన ముఖం చూస్తున్నా నాకు ఆ సాయంత్రమే కళ్లలో మెదిలింది. హాలు బయట, బస్టాండు దారిలో, ఒక రైతు సినిమాకు రాని తన భార్యకు ఆ కథ చూపిస్తున్నాడు. చేతిలో ఉత్త బట్ట సంచి. దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మెల్లగా మారుస్తూ, లోపల నిద్రపోతున్న పిల్ల లేవకూడదన్నట్టు, అడుగు తీసి అడుగు వేస్తున్నాడు.