మూడు లైన్ల కోడ్, తొమ్మిదో పేజీ

రోజూ వాడే, ఎవరైనా కోడ్ సరిదిద్ది పంపగలిగే ఓ ఓపెన్ సోర్స్ మ్యాప్ యాప్‌లో తప్పు కనిపిస్తే, మొన్న సెలవు రోజున మూడు లైన్ల కోడ్ రాసి దాన్ని నడిపేవాళ్లకి పంపాను. "తీసుకుంటాం, ముందు ఈ ఒప్పందం మీద సంతకం పెట్టండి" అంటూ వాళ్లు ఆరు పేజీలు పంపారు. నా కోడ్ మీద హక్కులు ఊరికే పోతాయేమోనని, పొలం రిజిస్ట్రేషన్‌కి వెళ్లినవాడిలా నిన్నంతా ప్రతి వాక్యం కింద గీత గీసుకుంటూ చదివాను. అందులో "మీ కంపెనీ అనుమతి ఉందా?" అని ఒక ప్రశ్న.

ఈ ఉదయం సౌదీలోని ధహ్రాన్‌లో మా ఆఫీసుకి వెళ్లగానే హెచ్చార్‌లో ఉండే నల్గొండ ఖలీల్ భాయ్‌ని అడిగాను.

"ఇంట్లో కూర్చుని రాశాను భాయ్. కోడ్ నాదే కదా?"

"ఇంట్ల రాస్తే ఏంది, ఆఫీసుల రాస్తే ఏంది? ఈడ పనిచేసినన్ని రోజులు నువ్వు రాసే కోడంతా కంపెనీదే. కాంట్రాక్టుల తొమ్మిదో పేజీ చదవలేదా?"

అరబ్బీలో ఉందేమో అన్నాను. ఫైలు తీసి చూపించాడు. పక్కనే ఇంగ్లిషులోనూ ఉంది. కింద నా సంతకం. పెన్ను రాస్తోందో లేదో చూసుకున్న పిచ్చిగీత కూడా నాదే.

జాలిపడి, అనుమతి కోసమంటూ ఓ ఫారం ఇచ్చాడు. సంతోషంగా సంతకం పెట్టి ఇచ్చేశాను.

అందులో ఏం రాసుందో మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి.