ఏడవని తల్లుల దేశం

పొద్దుగూకి, త్రివేణి టీవీ పెట్టబోతున్నదనగానే సుక్కమ్మ లేచి దండెం మీది గొంగడి అందుకుంటుంది. ఎండాకాలమైనా అంతే. నల్గొండ ఎండకు కాలిన గోడలు అప్పటికింకా సెగలు కక్కుతుంటాయి. అయినా ఆ నల్ల గొంగడి భుజాల చుట్టూ కప్పుకొని, కాళ్లు ముడుచుకొని, గోడకు ఒరిగి కూర్చుంటుంది.

"అమ్మా, మెడల చెమటలు కారుతున్నయి. తీసెయ్యరాదే" అంటుంది త్రివేణి.

"ఆడ మంచు పడ్తాంది బిడ్డా. చూస్తేనే చలి పెడ్తాంది."

ఆడ అంటే ఒకరోజు నార్వే, ఒకరోజు డెన్మార్క్, ఇంకోరోజు స్వీడన్. సుక్కమ్మకు మూడూ ఒకటే దేశం. ఆ దేశం త్రివేణి కిరాయికున్న పానగల్ ఇంట్లో, ముందు గదిలో, బియ్యం డబ్బా పక్కన ఉంటుంది.

త్రివేణి ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో పనిచేస్తుంది. పుస్తకాల మధ్య పొద్దంతా మాట్లాడకుండా గడిపి ఇంటికొచ్చి, మాటలు తక్కువున్న ఈ చలిదేశపు నేరకథలే చూస్తుంది. కథ ఎప్పుడూ ఇంచుమించు ఒకటే. ఊరికి దూరంగా, నీళ్ల ఒడ్డున, ఎవరో చచ్చిపడి ఉంటారు. ఒక పోలీసామె వస్తుంది. ఆమెకు నిద్ర ఉండదు, ఇల్లు పట్టదు, నిలబడే రొట్టె తింటుంది. అందరూ నెమ్మదిగా మాట్లాడతారు. ఎవరో ఒకరు అబద్ధం చెప్తుంటారు. కింద పరుగెత్తే ఇంగ్లీషు అక్షరాలను త్రివేణి తల్లికి తెలుగులో చెప్తూ పోతుంది.

సుక్కమ్మ అన్నీ వినదు. సగం వింటుంది, సగం చూస్తుంది. కొండల నడుమ నిలిచిన ఆ నల్లటి నీళ్లు, వాటి మీద లేచే పొగమంచు, ఎక్కడో ఒక్క దీపం వెలిగే ఇల్లు, ఇవి చాలు ఆమెకు.

"గింత తెలుపుల జీవాలేం మేస్తయే?"

"ఎండాకాలం కోసి ఎండబెట్టిన గడ్డి పెడ్తరంట అమ్మా. చలికాలమంతా కొట్టంలనే ఉంటయి."

"మరి కాపరోడేం చేస్తడు పొద్దంత?"

సుక్కమ్మ కళ్లు అప్పటికే మూతలు పడుతుంటాయి. ఆ మగతలో టీవీ లోపలి మంచు గడప దాటి గదిలోకి వస్తుంది. మంచు మీద గొర్రెలు నడుస్తుంటాయి. గిట్టల చప్పుడుండదు, మెడగంటల చప్పుడుండదు. అవతలి ఒడ్డున కట్టె మీద గడ్డం ఆనించి పెనిమిటి మల్లయ్య నిలబడి ఉంటాడు. ఆమె పిలుద్దామని నోరు తెరుస్తుంది. నోట్లోంచి తెల్లటి ఆవిరి వస్తుంది గానీ మాట రాదు.

మెలకువ వచ్చేసరికి పోలీసామె ఎవరింటి తలుపో కొడుతుంటుంది.

నోట్లోంచి మాట రాకపోవడం సుక్కమ్మకు కలలో మాత్రమే జరిగినది కాదు.

సొంతూరు కట్టంగూర్‌లో, గొర్రెలు కాసే కురుమల వాడలో ఎవరు పోయినా ముందు సుక్కమ్మకే కబురొచ్చేది. శవం చుట్టూ ఆడవాళ్లు చేరి, ఒకరి మెడ ఒకరు పట్టుకొని, రాగం తీసి ఏడుస్తారు. ఆ ఏడుపులో పోయినవాళ్ల బతుకంతా రావాలి. సుక్కమ్మ రాగం అందుకుంటే నిజంగానే వచ్చేది. పోయిన మనిషి తవ్విన బావి, అమ్ముకున్న ఎద్దు, పెండ్లినాడు తడిసిన పందిరి, ఒక్కటీ మరవకుండా వరుసపెట్టి చెప్పి ఏడ్చేది. గడప బయట బీడీలు తాగే మగవాళ్లు సైతం పంచె కొంగులతో కళ్లొత్తుకునేవాళ్లు. ఆమె వెనుక గొంతు కలిపేది ఆడబిడ్డ యాదమ్మ. మల్లయ్యకు చెల్లెలు. ఇద్దరూ ఒకే ఈడువాళ్లు, ఒకే గొడుగు కింద మంద కాసినవాళ్లు. ఇద్దరి గొంతులూ కలిస్తే వాడంతా కదిలేది.

రాష్ట్రం వచ్చినంక సర్కారు ఇచ్చిన గొర్లు కలిసి మల్లయ్య మంద పెద్దదైంది. నిరుడు వానాకాలం ఆ మంద వెంటే పోయి, గుట్ట దిగుతూ గుండె పట్టుకొని కూలబడ్డాడు. దవాఖానకు చేరకముందే పోయాడు. తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. ఆడవాళ్లంతా చుట్టూ చేరి సుక్కమ్మ నోటివైపు చూశారు. ఆమె ఇంకా అందుకోలేదు గనుక ఎవరూ అందుకోలేదు.

సుక్కమ్మ మాత్రం మల్లయ్య కాళ్ల దగ్గర కూర్చుంది. కుడికాలి మడమలో తుమ్మముల్లు విరిగి ఉంది. పిన్నీసు తీసి ఆ ముల్లు తీయడం మొదలుపెట్టింది. అది లోతుగా దిగింది. గోటితో నొక్కి, మళ్లీ పిన్నీసు పెట్టి, మళ్లీ నొక్కి, పాడె కట్టేదాకా అదే పని. ముల్లు వచ్చింది. ఏడుపు రాలేదు.

ఆఖరికి యాదమ్మే ఒంటిగొంతుతో ఏడ్చింది. దినాలయ్యాక పదిమందిలో అననే అన్నది.

"ఊరోళ్ల చావులకు గొంతు చించుకున్న మనిషి, కట్టుకున్నోడు పోతే ముల్లు తీసుకుంట కూసున్నది. మా అన్నకు ఏడ్చే దిక్కు లేకపాయె. ఇంక ఆమె మొగం నేను చూడ."

అన్నమాట ప్రకారం చూడలేదు. వాడలోవాళ్లు చావు కబురు సుక్కమ్మకు చెప్పడం మానేశారు. మందను అమ్మేసి త్రివేణి తల్లిని పానగల్ తీసుకొచ్చింది. సుక్కమ్మ ఇక్కడా ఏడవలేదు. ఉదయసముద్రం చెరువు కట్ట మీదికి పోయి నీళ్లు చూసి వచ్చేది. ఆమె మనసులో ఉన్నది ఒక్కటే. మల్లయ్యకు ఏడాది, సంవత్సరీకం పెట్టే రోజు దగ్గర పడుతున్నది. తోడబుట్టినది రాని ఏడాది ఎట్లుంటుంది? ఏడాదికి కూడా రాకపోతే యాదమ్మ ఇక జన్మలో రాదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం టీవీలో పోలీసులు ఒక ఇంటి తలుపు కొట్టారు. తీసినామెకు నెమ్మదిగా ఏదో చెప్పారు. ఆమె విని, పక్కకు తిరిగి, పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

"ఏమన్నదే ఆమె?"

"కాఫీ తాగుతరా అని అడిగిందమ్మా."

"బిడ్డ పోయిందని చెప్పిండ్రు గదనే?"

"చెప్పిండ్రు."

"మరి ఏడుస్తలేదేంది?"

"ఆడ శానామంది గట్లనే అమ్మా. లోపల్లోపలనే."

"పక్కింటోళ్లు ఏమనరా?"

"పక్కిల్లు యాడున్నదే? జర చూడు. కనుచూపు మేర మంచే."

సుక్కమ్మ చాలాసేపు చూసింది. ఆ తల్లి కిటికీ దగ్గర నిలబడి ఉంది. గాజు మీద ఆమె ఊపిరి మబ్బులా పట్టి, కరిగి, మళ్లీ పడుతోంది. ఎవరూ ఆమె నోటివైపు చూడటం లేదు.

"మంచి దేశం" అంది సుక్కమ్మ.

అప్పటి నుంచి ఆమె రోజూ ఆ దేశానికి పోయి వచ్చేది. చంపినవాడెవడన్నది త్రివేణి ఫికర్. సుక్కమ్మ చూపంతా ఆ తల్లి మీదే. పిల్ల గురించి మాత్రం ఏది తెలిసినా గుర్తుపెట్టుకునేది. ఎర్రటోపీ, సైకిలు, చర్చిలో పాడే పాట, పడవ మీద చేపలకు పోయే తండ్రికి పిల్ల కట్టిచ్చే రొట్టె.

వాన ముసురు పట్టిన ఒక రోజు, యాదమ్మ కొడుకు శివకృష్ణ తల్లిని ఆటోలో దించాడు. యాదమ్మ కంటికి నల్లద్దాలు. నల్గొండలో కంటి ఆపరేషన్ అయింది. తెల్లారి మళ్లీ డాక్టరుకు చూపించాలి. ఊరికి పోయి రావడం కష్టమని ఇక్కడికి తెచ్చాడు.

"నేను మా మేనగోడలింటికి వచ్చిన. ఇంకెవలింటికి రాలె" అంది యాదమ్మ గడపలోనే.

సుక్కమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది. చాయ్ పెట్టి తెచ్చింది. యాదమ్మ ఒక గుటక తాగి, గోడవైపు తిరిగింది.

"త్రివేణీ, చాయ్ల చక్కెర ఎక్కువైందని మీ అమ్మకు చెప్పు."

"త్రివేణీ, అది చక్కెర కాదు, బెల్లమని మీ అత్తకు చెప్పు."

"నేనేమన్న సెల్ టవర్నా?" అంది త్రివేణి. ఇద్దరూ నవ్వలేదు.

"డాక్టరు మూడు మాటలు చెప్పిండంట అత్తమ్మా. వంగొద్దు, కన్ను నలపొద్దు, కంట్ల నీళ్లు పెట్టొద్దు."

"నాకేం ఏడుపున్నది? ఏడ్చేటియి నిరుడే ఏడ్చిన. కొందరి వంతు గూడ నేనే ఏడ్చిన."

సుక్కమ్మ గిన్నెలు తీసుకొని లోపలికి పోయింది.

చీకటి పడుతుండగా త్రివేణి టీవీ పెట్టింది. సుక్కమ్మ గొంగడితో వచ్చి కూర్చుంది. మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా వదిలి, యాదమ్మ ఆ పక్కన కూర్చుంది. బయట సన్నగా వాన. కరెంటు కొంచెం తగ్గి గది మసకగా ఉంది. టీవీ నీలివెలుగు ముగ్గురి ముఖాల మీదా పడి, గది నీళ్లలో మునిగినట్టుంది.

"గిదేం సినిమా? పాట లేదు, కొట్లాట లేదు."

త్రివేణి కథ చెప్పింది. యాదమ్మ ఒంటికంటితో చూస్తూ కూర్చుంది. ఆ రోజు పిల్లను పూడ్చే రోజు. మంచులో ఒక చిన్న చర్చి. నల్లకోట్ల మనుషులు కొందరు, ఒకరికొకరు తగలకుండా, దూరం దూరంగా నిలబడ్డారు. పెట్టెను దించారు. తల్లి ముందు నిలబడి చేతితొడుగుల దారం ఒకటి లాగుతోంది. లాగి, చుట్టి, మళ్లీ లాగుతోంది.

"ఎవలూ అందుకోరేంది?" అంది యాదమ్మ.

"ఆడ ఏడ్వరు అత్తమ్మా."

"ఒక్కలు గూడనా?"

పెట్టె మీద మట్టి పడింది. ఎవరూ నోరు తెరవలేదు. యాదమ్మకు ఆగలేదు. మోకాళ్ల మీదికి లేచి, టీవీ వైపు చేయి చాచి, రాగం అందుకుంది.

"ఓ బిడ్డా... నీకు ఏడ్చే దిక్కు లేకపాయెనా బిడ్డా..."

"అత్తమ్మా, కన్ను! అత్తమ్మా!"

"నా కన్నుదేమున్నదే, పిల్ల ఉత్తగ పోతాంది!" నల్లద్దాల కింద నుంచి అప్పుడే ఒక నీటిచుక్క జారబోతోంది.

సుక్కమ్మ గొంగడి విడిచి, మధ్యలోని జాగా దాటి, యాదమ్మ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"నువ్వేడ్వకు యాదమ్మా. కన్ను పాడైతది. ఊకో. నేనేడుస్త."

నోరు తెరిచింది. మొదట గాలే వచ్చింది. తర్వాత, వాడకుండా పడేసిన తలుపు గడియ కదిలినట్టు, గొంతు కీచుగా కదిలింది.

"ఎర్రటోపి పెట్టుకొని సైకిల్ మీద పోతివి గదా బిడ్డా... పడవ మీది నాయినకు రొట్టె గట్టిస్తివి గదా బిడ్డా... గుడిల పాట పాడితే గువ్వలు ఆగుతుండె గదా బిడ్డా... మంచుల పండుకుంటివా బిడ్డా... మీ అమ్మ నోరు మంచుగట్టెనా బిడ్డా..."

అంతకంతకూ గొంతు తెరుచుకొని, పాత సుక్కమ్మ గొంతై, కిటికీ దాటి వీధిలోకి పోయింది. యాదమ్మ ఆమె మెడ పట్టుకొని, పళ్లు బిగబట్టి, కన్ను తడవకుండా కూర్చుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మేడమీదుండే ఇంటామె ఉమారాణి, ఎదురింటి ఆడవాళ్లిద్దరు, తడుస్తూ ఉరికొచ్చారు. త్రివేణి గబుక్కున టీవీ ఆపేసింది.

"అయ్యో, ఎవలు పోయిండ్రమ్మా?"

త్రివేణి చేతిలోని రిమోటు వెనక్కి దాచింది. యాదమ్మ నల్లద్దాలు సర్దుకుంది.

"మా అన్న" అంది.

"అయ్యయ్యో! ఎప్పుడు?"

"నిరుడు."

ఉమారాణి నోరు తెరుచుకొని అట్లాగే నిలబడింది. తర్వాత కొంగుతో తల తుడుచుకొని, చాప మీద కూర్చుంది. "పోయినోళ్లకు నిరుడేంది, మొన్నేందమ్మా" అని, తన తల్లిని తలుచుకొని ఆమే ఏడ్చింది. ఎదురింటామె ఒకరు బిందెలోంచి మంచినీళ్లు ముంచి అందరికీ ఇచ్చింది. వాన పడుతూనే ఉంది. ఆ మసక వెలుతురులో ఎవరివాళ్లను వాళ్లు తలుచుకుంటూ కొంతసేపు కూర్చొని, ఒక్కొక్కరే లేచిపోయారు.

అంతా పోయాక యాదమ్మ మొదటిసారి ముఖం ఇటు తిప్పింది.

"వదినె, ముక్కుమొగం తెల్వని పిల్లకు గింత వచ్చింది. మా అన్నకు ఎందుకు రాలె?"

సుక్కమ్మ జారిన గొంగడి తీసి మడత పెట్టింది.

"ఊరోళ్లయితే యాడికెల్లి మొదలువెట్టాల్నో ఎరికైతుండె యాదమ్మా. మీ అన్నది యాడ మొదలువెట్టాలె? నా నోటికి అందలే. ముల్లే అందింది."

యాదమ్మ చాప మీద ఒరుగుతూ, "ముల్లు ఎల్లిందా మరి?" అంది.

"ఎల్లింది."

"ఇరగకుంట?"

"ఇరగకుంటనే."

"నయమైంది. లేకుంటే గుచ్చుకుంట పోతుండె" అని, గోడవైపు కాకుండా సుక్కమ్మవైపు తిరిగి పడుకుంది. కాసేపాగి, "త్రివేణీ, గా పిల్లను సంపినోడెవడో తెలిసేదాక నేను ఊరికి పోను. శివకృష్ణకు ఫోన్ చెయ్యి" అంది.

"రేపు చూస్తం అత్తమ్మా."

"పిల్ల చిన్నాయినె. వాని చూపే మంచిగ లేదు."

"చిన్నాయిన కాదు. పోలీసామె పక్కనుండేటోడు" అంది సుక్కమ్మ. ఇద్దరూ తప్పే.

మల్లయ్య ఏడాది నాడు యాదమ్మ తెల్లవారకముందే కట్టంగూర్ పాత ఇంటికి వచ్చి నేల అలికింది. అన్నకిష్టమైన తలకాయ కూర తనే వండింది. మల్లయ్యకు పెట్టిన విస్తరి ముందు ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. వాడ ఆడవాళ్లు మళ్లీ సుక్కమ్మ నోటివైపు చూశారు. ఆమెకు ఆ రోజూ ఏడుపు రాలేదు. యాదమ్మ వాళ్లవైపు తిరిగి, "ఆమె నోటికేం చూస్తున్నరు? రాండ్రి, తినుండ్రి" అని కసిరింది.

సుక్కమ్మ ఇప్పుడు నెలలో సగం పానగల్‌లో కూతురి దగ్గర, సగం కట్టంగూర్‌లో యాదమ్మ ఇంట్లో ఉంటున్నది.