నాపబండా, నా కుడిచెయ్యీ

ఈ సంగతి నేనే చెప్పాలి. ఎందుకంటే ఇంకెవరు చెప్పినా నాకు ఒళ్ళు మండుతుంది. మా బంధువుల్లో ఏ పెళ్ళికి పోయినా, ఏ ప్రార్థన కూటానికి పోయినా, భోజనాలయ్యాక ఎవరో ఒకరు ఫోను తీసి "గ్రేసు టీచరు వీడియో చూసినారా?" అని మొదలుపెడతారు. మొత్తం ముప్పై ఎనిమిది సెకన్లు. నా పరువూ, నా కుడిచేతి రెండు ఎముకలూ ఒకేసారి ఎట్లా పోయాయో అందులో ఉంటుంది. కానీ ఎందుకు పోయాయో ఉండదు. అది నేను చెప్తాను. నవ్వుకోండి, ఫరవాలేదు. నా ఎదురుగా మాత్రం వద్దు.

అప్పుడు నాకు ఉద్యోగం వచ్చిన కొత్త. బేతంచెర్ల వైపు, నాపరాళ్ళ గనుల మధ్య ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఆ ఊరు నాకు కొత్త కాదు, నేను పుట్టి పెరిగిందే అక్కడ. మా అమ్మ ఎస్తేరమ్మ ముప్పై ఏళ్ళు ఆ గనుల్లోనే రాయి కొట్టింది. నన్ను మాత్రం గని ఛాయలకు రానిచ్చేది కాదు. చిన్నప్పుడు అన్నం క్యారియరు తీసుకుపోతే, ఇంకా ఇరవై అడుగుల దూరం ఉండగానే అరిచేది: "ఆడనే నిలబడు! రాయి ముట్టుకుంటే చేతులిరుస్తా!" ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఆ సంవత్సరం ఆడపిల్లలకు ఆత్మరక్షణ కోసమని మూడు నెలలు కరాటే నేర్పించమని పైనుంచి ఆర్డరు వచ్చింది. మాస్టరు శ్రీనివాస్, గుడివాడ వైపు మనిషి. పిల్లల దగ్గర ఒక లేడీ టీచరు ఉండాలని రూలు. మా హెడ్మాస్టరు సారు స్టాఫ్ రూమంతా చూసి, "గ్రేసమ్మా, నువ్వు చిన్నదానివి, నువ్వుండమ్మా" అన్నాడు. కుర్చీ వేసుకుని, సెల్లు చూసుకుంటూ కూర్చుంటే సరిపోయేది. అందరూ చేసేది అదే. నేనెందుకు కూర్చోలేదంటే, దానికి కారణం కర్నూలు బస్సు.

మా ఆయన ఉద్యోగం కర్నూల్లో. అందుకని నేను రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. ఆ బస్సులో ఒక నీలం చొక్కా మనిషి ఉండేవాడు. బస్సు సగం ఖాళీగా ఉన్నా నా సీటు పక్కనే నిలబడి నా భుజం మీదికే వాలేవాడు. "జరగన్నా" అంటే జరిగినట్టే జరిగి మళ్ళీ వాలేవాడు. రోజూ పళ్ళు కొరుక్కుంటూ దిగేదాన్ని. ఆ కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలి? కరాటే క్లాసులో పెట్టుకున్నాను.

మొదటి రోజే మాస్టరు నా మణికట్టు పట్టుకుని, "మేడం, ఇప్పుడు నేను గట్టిగా పట్టుకున్నాననుకోండి. మెల్లగా తిప్పి విడిపించుకోవాలి. మెల్లగా..." అన్నాడు. నాకు మెల్లగా అన్న మాట వినపడలేదు. నీలం చొక్కా కనపడింది. నా మోచెయ్యి పోయి ఆయన మూతి మీద పడింది. పై పెదవి చిట్లి, టొమాటో మాదిరి ఉబ్బిపోయింది.

"ఏవండీ! నేనండీ! మాస్టర్నండీ!"

"అయ్యో, సారీ మాస్టరూ. వేరే మనిషనుకున్నా."

"ఎవరనుకున్నారో గానీ, ఆయన్ని మాత్రం నా దగ్గరికి పంపకండి. కోపం తగ్గించుకోవాలి మేడం. కోపంలో కొడితే మనకే తగులుద్ది."

కోపం తగ్గించుకోమంటే నాకు ఇంకా కోపం వస్తుంది. మరుసటి వారం ఆయన నీళ్ళు తాగడానికి పోయినప్పుడు, గొలుసుతో కట్టిన ఆ రెండు కర్రలు ఉంటాయే, నాన్‌చాక్, అవి తీసి తిప్పాను. రెండో చుట్టులోనే వచ్చి నా నుదుటి మీదే కొట్టుకుంది. పిల్లలు ఇరవై రెండు మంది గుండ్రంగా చేరి చూస్తున్నారు. తొమ్మిదో క్లాసు షాహీన్ దగ్గరికొచ్చి, "టీచర్, బోండా లేచినాది" అని వేలితో నొక్కి మరీ చూపించింది. ఆ బోండాతోనే నాలుగు రోజులు మొఘలు సామ్రాజ్యం పాఠం చెప్పాను.

ఈ షాహీన్ గురించి చెప్పాలి. అంతకు ముందు పేరడిగితే తల దించుకుని, తన పేరు తానే దాచిపెట్టుకున్నట్టు చెప్పేది. మూడు నెలలయ్యేసరికి గ్రౌండు అవతల మేకలు బెదిరేటట్టు అరిచి పిడికిలి విసిరేది. నడక మారింది, చూపు మారింది. నాకు అది చూస్తే ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను.

జనవరిలో ఆ మూడు నెలలూ అయిపోతున్నాయి. వచ్చే ఏడాది కూడా క్లాసు ఉండాలంటే పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకుని సంతకాలు చేయాలన్నాడు హెడ్మాస్టరు సారు. లేదంటే ఆ గంటను లెక్కల స్పెషల్ క్లాసుకు ఇచ్చేస్తానన్నాడు. షాహీన్ ఏడుపు మొహంతో వచ్చింది.

"టీచర్, మా నాయిన చేయనంటాండాడు. చెయ్యో కాలో ఇరిగితే నీకు పెండ్లెట్ల చేయాల అంటాండాడు."

మిగతా ఇళ్ళల్లోనూ ఇదే మాట. షాహీన్ నాయన బాషా రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఊళ్ళో నలుగురూ ఆయన మాట వింటారు. ఆయన చేస్తే అందరూ చేస్తారు, ఆయన వద్దంటే క్లాసు పోయినట్టే.

మాస్టరు ఒక ఉపాయం చెప్పాడు. "జనవరి ఇరవై ఆరున జెండా అయ్యాక పిల్లల చేత ఒక ప్రోగ్రాం పెడదాం మేడం. చివర్లో నేను నాలుగు పెంకులు చేత్తో పగలగొడతా. మా వైపు అది చూస్తే జనం చప్పట్లే చప్పట్లు. పెంకులు మాత్రం మీరు చూడండి."

పెంకులు! మా ఊళ్ళో పెంకుటిల్లు ఒక్కటుంటే చూపించండి. మాకు కప్పు నాపబండే, నేల నాపబండే, చేను చుట్టూ కంచె నాపబండే, బట్టలుతికేది దాని మీదే, చివరికి సమాధి మీద పరిచేదీ అదే. ఎవర్నడిగినా "పెంకులెందుకు టీచర్, బండలు కావాలంటే చెప్పండి" అన్నారు. నేను కూడా ఆలోచించాను. ఆలోచించి, ఒక ఫ్యాక్టరీ వెనక పారేసిన వాటిలో అన్నిటికంటే పల్చని బండ ఏరుకొచ్చాను. వేలెడు మందం కూడా లేదు. పెంకుకంటే పల్చన! నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ పొద్దున బండ చూసి మాస్టరు మొహం పాలిపోయింది.

"మేడం... ఇది పెంకు కాదండీ."

"పెంకుకంటే పల్చగా ఉంది కదా మాస్టరూ!"

"పగులుద్దాండీ?"

"మా ఊరి రాయి సంగతి నాకే చెప్తారా? రాయి కొట్టేవాళ్ళ కూతుర్ని నేను!"

ఆ మాట అన్నది నేనే. ఎవరూ నా నోట్లో కుక్కలేదు. తలుచుకున్నప్పుడల్లా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఎడంచేత్తో.

జెండా ఎగిరింది, మిఠాయిలు పంచారు. పిల్లలు వరసగా నిలబడి గుద్దులూ తన్నులూ చేసి చూపించారు. అంతా చప్పట్లు కొట్టారు. మా అమ్మ క్రిస్మస్ చీర కట్టుకొచ్చి ముందు వరస కుర్చీలో కూర్చుంది. అప్పుడు బాషా లేచాడు.

"బాగుండాది సార్. కానీ ఇది డాన్సు మాదిరి ఉండాది. ఇప్పుడు ఆ మాస్టరు బండ పగలగొడ్తాడు. ఆయప్ప మగోడు, కొడ్తాడు. మా ఆడపిల్లలకు ఏమొస్తాది దాంతో?"

మాస్టరు ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆ క్షణం కోసమే పొద్దున్నుంచి ఎదురుచూస్తున్నట్టుగా, "కరెక్టండీ! అందుకే నేను కొట్టట్లేదు. మన మేడం గారు కొడతారు!" అన్నాడు. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పెదవి చిట్లినందుకు అంత కక్ష పెట్టుకోవాలా చెప్పండి!

జనమంతా నన్నే చూస్తున్నారు. షాహీన్ కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. చున్నీ నడుముకు బిగించాను. రెండు ఇటుకల మీద బండ పెట్టారు. హెడ్మాస్టరు సారు ఫోను పైకెత్తాడు. ముందు వరసలోంచి మా అమ్మ సగం లేచింది.

"ఏమే గ్రేసూ, అది..."

"అమ్మా, నువ్వు గమ్మునుండు!"

కళ్ళు మూసుకున్నాను. నీలం చొక్కాను తలుచుకున్నాను. చెయ్యెత్తి, ఊపిరి బిగబట్టి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. "హ్యా" అని మొదలైన అరుపు "యేసయ్యా" అని ముగిసింది. వీడియోలో అందరూ ఇక్కడే ఆపి మళ్ళీ మొదట్నుంచి వేస్తారు.

బండ విరగలేదు. ఇటుకల మీంచి జారి నేల మీద పడి, అప్పుడూ విరగలేదు. నేను చెయ్యి పట్టుకుని గ్రౌండు మధ్యలో గిరగిరా తిరుగుతున్నాను. బాషా గొంతు వినపడింది.

"చూసినారా? నేను మొదట్నుంచి చెప్తానే ఉండా! టీచరమ్మకే ఇట్లయితే మన పిల్లోల్ల గతేంది? షాహీన్, రా ఇంటికి పోదాం!"

ఒక్కొక్కరే కుర్చీల్లోంచి లేస్తున్నారు. బాషా షాహీన్ చెయ్యి పట్టుకున్నాడు. ఆ పిల్ల నా వైపే చూస్తూ వెనక్కి వెనక్కి పోతోంది. చెయ్యి నొప్పి కంటే అది ఎక్కువ నొప్పి. క్లాసును నిలబెడదామని పోయి, ఏది జరుగుతుందని వాళ్ళు భయపడ్డారో సరిగ్గా అదే నా చేత్తో చేసి చూపించాను.

అప్పుడు మా అమ్మ వచ్చింది. నా దగ్గరికి కాదు, బండ దగ్గరికి. నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. బండను తిరగేసి, అంచు మీద బొటనవేలు పెట్టి రాస్తూ పోయింది.

"ఉలీ సుత్తీ ఎవరి తానన్నా ఉండాయా?"

గనిలోంచి నేరుగా వచ్చిన ఒకాయన సంచిలోంచి తీసిచ్చాడు. మా అమ్మ కింద కూర్చుని, బండను అంచు మీద నిలబెట్టి కాళ్ళతో అదిమి పట్టుకుంది. అంచు వెంబడి చిన్నగా నాలుగు దెబ్బలు, ఇంకో నాలుగు. పెద్ద శబ్దం కూడా రాలేదు. బండ పుస్తకం తెరుచుకున్నట్టు రెండు పల్చటి పలకలుగా విడిపోయింది. లేచిపోతున్న జనం ఆగిపోయారు.

అప్పుడు తిట్లు మొదలయ్యాయి. అవి వీడియోలో లేవు, దేవుడున్నాడు.

"రాయికి పొరుంటాది! పొర చూసి తడితే ముసలిదానికి గూడా విచ్చుకుంటాది. నడిమధ్యన గుద్దితే ఏనుగుకు గూడా విచ్చుకోదు. నన్ను అడిగింటే చెప్పేదాన్ని గదా! నీ చెయ్యి రాయి ముట్టుకోగూడదని ముప్పై ఏండ్లు నేను కొడ్తి. నువ్వు సదువుకోని, ఉద్యోగం తెచ్చుకోని, కొత్త చున్నీ కట్టుకోని వచ్చి రాయికేసి కొట్టుకుంటివి!"

తర్వాత ఆమె బాషా వైపు తిరిగింది.

"నువ్వెందుకప్పా లేచినావు? ఇది నేర్చుకోని చెయ్యి ఇరగ్గొట్టుకోలే. నేర్చుకోకుండా కొట్టి ఇరగ్గొట్టుకునె. నేర్పిచ్చాల్నో వద్దో ఇప్పుడు నువ్వే చెప్పు. ఈ ఏలు చూడు, రెండు తూర్లు ఇరిగినాది. ఈడ చూడు, ఇది నా పెండ్లికి ముందే ఇరిగినాది. నాకు పెండ్లి కాలేదా? ఈ మొద్దు యాడనుంచి పుట్టినాది మరి?"

గని ఆడవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు. ఒకామె తన వంకర వేలు పైకెత్తి చూపించింది, ఇంకొకామె తనదీ ఎత్తింది. బాషా తన చేతుల వైపు చూసుకున్నాడు. షాహీన్ చెయ్యి వదిలేశాడు.

"సరేమ్మా. సంతకం చేస్తా. కానీ ఒక షరతు రాయాల సార్."

ఆ షరతేమిటో నేను వినలేదు, అప్పటికే అమ్మ నన్ను బస్సెక్కించింది. బస్సులో ఎవరున్నారో చెప్పక్కర్లేదు. పండగ రోజు కూడా సెలవు లేదు ఆయనకు. చున్నీలో వేలాడుతున్న చెయ్యి మీదికే వాలాడు. నొప్పికి నేను వేసిన కేక మూడు నెలల్లో మాస్టరు ఎంత మొత్తుకున్నా నా గొంతులోంచి రాలేదు. డ్రైవరు బస్సు ఆపేశాడు. మా అమ్మ ఆ నీలం చొక్కాను పైనుంచి కిందికి తాపీగా చూసి, "ఏమప్పా, నీ పొర యాడుండాదో చూడాల్నా?" అంది. ఏ పనీ లేకపోయినా ఆయన మధ్యదారిలో ఓర్వకల్లులోనే దిగిపోయాడు. మళ్ళీ ఆ బస్సులో కనపడలేదు.

ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి, "రాయిని కొట్టారా? ఎందుకు?" అన్నాడు. ఆ ప్రశ్న అడిగిన వాళ్ళందరి మీదా నాకు ఈ రోజుకీ కోపమే.

వారం తర్వాత పిండికట్టుతో స్కూలుకు పోతే హెడ్మాస్టరు సారు ఒక కాగితం నా ముందు పెట్టాడు. "క్లాసు వచ్చే ఏడు కూడా ఉంటుంది గ్రేసమ్మా. నీ సంతకం ఒక్కటే తక్కువ" అన్నాడు. చదివాను. "మా పిల్లలను కరాటేకు పంపుటకు సమ్మతము. షరతు: గ్రేసు టీచరమ్మ ఏదియు పగలగొట్టరాదు." కింద బాషా సంతకం, ఆ కింద ఇరవై ఒక్క సంతకాలూ వేలిముద్రలూ. అన్నిటికంటే అడుగున, సాక్షి అని రాసి మా అమ్మ వేలిముద్ర. దాని పక్కనే, ఆమె చెప్పి రాయించిందట, ఇంకో ముక్క: "అప్పడము కూడా."

కళ్ళల్లోంచి నిప్పులు కురిపిస్తూ, ఎడంచేత్తో, వంకర టింకరగా సంతకం పెట్టాను. కనుక సర్వజనుల సాక్షిగా, బండగానీ, పెంకుగానీ, ఇటుకగానీ బతికున్నంత కాలం చేత్తో కొట్టనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. మా ఇంట్లో ఇప్పటికీ అప్పడం మా ఆయనే విరిచి నా కంచంలో వేస్తాడు.